బాగా వచ్చిన పని వేరు, నచ్చే పని వేరు. ఉద్యోగం దేన్ని చూసి ఎంచుకోవాలి?

కొత్తదారి_28 అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాకు 28 ఏళ్లు. ఐదేళ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో ఉన్నాను. కావాలని వచ్చింది కాదు. చదువు అయిపోగానే వచ్చిన మొదటి ఆఫర్ ఇదే. "నీ మాటతీరు బాగుంది, ఎదుటివాడు ఎంత కోపంగా ఉన్నా చల్లబరుస్తావు" అని ఇంటర్వ్యూలో అన్నారు. అది నిజమే కూడా. నా రేటింగులు ఎప్పుడూ బాగుంటాయి, టీమ్‌లో ఎవరికైనా కాల్ చేయి దాటిపోతే నాకే ఇస్తారు. కానీ సాయంత్రం హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టేసరికి ఒంట్లో సత్తువ ఉండదు, ఇంట్లోవాళ్లు పలకరించినా జవాబు చెప్పాలనిపించదు. ఆదివారం మధ్యాహ్నం దాటితే సోమవారం టెన్షన్ మొదలు.

ఈ పని నాకు రాదని ఎవరూ అనడం లేదు, నేనూ అనడం లేదు. బాగా వచ్చు. అందుకే బయటికి ఎలా రావాలో తెలియడం లేదు. "అంత బాగా చేస్తున్నావు, ఇంకేం కావాలి" అంటే నా దగ్గర సమాధానం లేదు.

నాకు నచ్చేవి చెప్పమంటే: బొమ్మలు గీయడం (మనుషుల్ని కాదు, వస్తువుల్ని, వాటి లోపల ఏముందో కనిపించేలా), పాడైపోయినవాటిని విప్పి చూడటం, చిందరవందరగా ఉన్న సమాచారాన్ని ఒక వరసలో పెట్టడం. వీటిలో ఏది ఉద్యోగం అవుతుందో తెలియదు. బొమ్మలు గీసే పనిలోకి పూర్తిగా వెళ్లిపోదామా అని కూడా ఆలోచించాను.

ఆన్‌లైన్‌లో ఒక పర్సనాలిటీ టెస్ట్ రాశాను, నాలుగు అక్షరాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తే అందులో రెండు అక్షరాలు మారిపోయాయి. దేన్ని నమ్మాలి? అసలు ముందు చూడాల్సింది ఏది, వచ్చిన పనా, నచ్చిన పనా? మీలో ఎవరైనా ఇలా మారినవాళ్లుంటే ఏం చేశారో, ఏ వరసలో చేశారో చెప్పండి.

---

ఎంపిక_బల్ల

ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో నేను పన్నెండేళ్లుగా ఉన్నానండీ. ముందు ఆ టెస్టు సంగతి.

నాలుగక్షరాల టెస్టు మిమ్మల్ని ప్రతి విషయంలో రెండు గదుల్లో ఏదో ఒక గదిలోకి తోస్తుంది. మీరు గడప దగ్గర నిలబడి ఉంటే ఆరోజు మూడ్‌ని బట్టి అటో ఇటో పడతారు, అక్షరం మారిపోతుంది. మీలో ఏ లోపమూ లేదు. ఉద్యోగాలకు మనుషుల్ని ఏరడానికి దీన్ని వాడొద్దని ఈ నాలుగక్షరాల పద్ధతికి మూలమైన మైయర్స్-బ్రిగ్స్ టెస్టు వాళ్లే చెబుతారు. కాబట్టి ఆ అక్షరాలను పట్టుకుని కెరీర్ నిర్ణయం తీసుకోకండి.

టెస్టే కావాలంటే ఆసక్తుల మీద ఉన్నది తీసుకోండి. జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1959లో ఒక సిద్ధాంతం రాశాడు. అది తర్వాత మెరుగుపడుతూ వచ్చి ఇప్పటికీ వాడకంలో ఉంది. మనుషుల ఆసక్తులనూ పనులనూ ఒకే ఆరు రకాలుగా చూస్తాడు: ఒకటి చేతులతో, వస్తువులతో చేసేవి; రెండు తరచి తెలుసుకునేవి; మూడు కొత్తగా సృష్టించేవి; నాలుగు మనుషులకు సాయపడేవి, నేర్పేవి; ఐదు ఒప్పించేవి, నడిపించేవి; ఆరు పద్ధతిగా వరసలో పెట్టేవి. ఎవరూ ఒక్క రకమే కాదు, రెండు మూడు కలిసి ఉంటాయి. మీ పోస్టు చదివితే నాకు మొదటిది, రెండోది, చివరిది గట్టిగా కనబడుతున్నాయి. మీ ఉద్యోగం మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం వరకు నాలుగో రకం.

అమెరికా కార్మిక శాఖవాళ్ల వెబ్‌సైట్ ఓ-నెట్‌లో ఆసక్తుల ప్రశ్నావళి ఉచితంగా ఉంది, 60 ప్రశ్నలు. అందులో నాకు బాగా నచ్చేది, జవాబు చెప్పేటప్పుడు ఆ పనికి చదువు ఉందా లేదా, జీతం ఎంత అనేవి ఆలోచించకుండా ఆ పని చేయడం నచ్చుతుందా లేదా అన్నదొక్కటే చూడమంటారు. మీరు ఐదేళ్లుగా "వచ్చు" అన్న వైపు నుంచే చూస్తున్నారు కాబట్టి మీకు పనికొస్తుంది. ఫలితంగా వచ్చే ఉద్యోగాల పేర్లను తీర్పు అనుకోకండి. ఎక్కడ వెతకాలో చెబుతాయి, అంతే. వాటిలో ఒక పదింటిని తెరిచి, ఆ ఉద్యోగంలో రోజూ చేసే పనుల జాబితా మాత్రం చదవండి. పేరు చదివి ముచ్చటపడి పనుల జాబితా చదివాక వెనక్కి తగ్గినవాళ్లను చాలామందిని చూశాను, దీనికి తలకిందులుగా జరగడమూ చూశాను.

ఇంకో మాట. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువతకు పని ఎంచుకోవడంలో సాయం చేసే ఆఫీసు తెరిచాడు. ఆయన చెప్పిన పద్ధతి ఇప్పటికీ పాతబడలేదు: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించు. మన దగ్గరికి వచ్చే అభ్యర్థుల్లో ఎక్కువమంది మొదటిదాని గురించి నెలల తరబడి ఆలోచించి, రెండోదానికి ఒక్క పూట కూడా ఇవ్వరు. ఆ పని చేస్తున్న మనిషిని కలిసి "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు" అని అడగండి. "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడిగితే బాగుంటుందనో బాగుండదనో చెప్తారు, దానితో మీకు ఒరిగేదేమీ లేదు.

---

వెలుగు_నీడ

బొమ్మల పనిలోకి పూర్తిగా వెళ్లిపోదామా అన్నారు కదా, ఆ ఒక్క ముక్క మీదే రాస్తాను.

నేను ఫొటోలు తీయడం అంటే ప్రాణం పెట్టేవాణ్ణి. ఉద్యోగం మానేసి అదే వృత్తి చేసుకున్నాను, మూడేళ్లు చేశాను. ఆ మూడేళ్లలో నేను కెమెరా పట్టుకున్నది వారానికి ఒకటిన్నర రోజు. మిగతాదంతా తీసినవాటిలో పనికిరానివి ఏరేయడం, రంగులు సరిచేయడం, "ఇంకొంచెం ప్రకాశవంతంగా ఉండాలి" అన్న మెయిల్‌కి నాలుగోసారి మార్చి పంపడం, రావాల్సిన డబ్బు కోసం ఫోన్లు చేయడం. ఇవన్నీ ఆ వృత్తిలో భాగమే. నేనే ముందు చూసుకోలేదు. మూడో ఏడు వచ్చేసరికి సెలవురోజు కెమెరా బ్యాగు తెరవడం మానేశాను, అది నన్ను బాగా భయపెట్టింది.

1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడం అంటే అప్పటికే ఇష్టపడే పిల్లల్లో కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. కొన్నాళ్ల తర్వాత ఏ బహుమతీ లేకుండా వదిలేసి చూస్తే, ముందే ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్ల కంటే తక్కువసేపు గీశారు. ఇష్టమైనదానికి డబ్బు తీసుకుంటే ప్రతిసారీ ఇలాగే అవుతుందని నేను అనను, హాయిగా చేసుకుంటున్న స్నేహితులు నాకున్నారు. కానీ "ఇష్టం కాబట్టి వృత్తి అయినా ఇష్టంగానే ఉంటుంది" అని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు నేను ఒక సంస్థలో పాత ఫొటోల భాండాగారం చూసుకుంటున్నాను. ఏ ఫొటో ఎప్పటిది, అందులో ఏముంది అని గుర్తించి, వెతికితే దొరికేలా పెట్టడం నా పని. ఫొటోల మధ్యే ఉంటాను. నేను తీసేవి మాత్రం నాకోసమే తీస్తాను, బ్యాగు మళ్లీ తెరుచుకుంది. ఇష్టమైన విషయానికి పక్కనే ఉండే పనులు కూడా వెతకండి, అవి బయటికి అంతగా కనబడవు.

---

పద్దు_సరిచూసేవాడు

తమ్ముడూ, నేను పదేళ్లు పాఠాలు చెప్పి 34వ ఏట పద్దుల పనిలోకి మారాను. ఇప్పుడు 46. నీ పోస్టులో "బాగా వచ్చు, అందుకే బయటికి రాలేకపోతున్నా" అన్న వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. అప్పట్లో అది నా వాక్యమే.

పిల్లలకు నా పాఠం అర్థమయ్యేది, తల్లిదండ్రులు మెచ్చుకునేవారు, నేను మాత్రం క్లాసు అయ్యాక స్టాఫ్ రూమ్‌లో ఓ మూల తలుపు వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ణి, ఎవరూ మాట్లాడించకూడదని. అదే నేను మార్కుల రిజిస్టర్ మొత్తాలు వేసే రోజు మాత్రం పొద్దున్నే లేచి వెళ్లేవాణ్ణి. మిగతావాళ్లందరూ ఎప్పుడు వదులుతుందా అనుకునే పని అది. వాళ్లవి కూడా నేనే తీసుకుని చేసేవాణ్ణి. అలా ఎనిమిదేళ్లు చేసి కూడా ఆ సంగతికి ఒక అర్థం ఉందని నాకు తట్టలేదు, "లెక్కలు వేయడం ఎవరికైనా వస్తుంది కదా" అనుకున్నాను. మనకు సులువుగా, ఇష్టంగా వచ్చేదాన్ని మనం నైపుణ్యం కింద లెక్కేసుకోం. కష్టపడి నేర్చుకున్నదాన్నే నైపుణ్యం అనుకుంటాం. నా అనుభవంలో అసలు ఇబ్బంది ఇక్కడే.

ఇప్పుడు నా పని ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. నెలాఖరు. రెండు వైపులా ట్యాలీ కావాలి, కాలేదు. తేడా 360. ఆ సంఖ్య చూడగానే నేను చేసే మొదటి పని దాన్ని 9తో భాగించడం. శేషం లేకుండా పోయింది, 40 వచ్చింది. అలా పోయిందంటే ఎక్కడో పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారు అయ్యి ఉండొచ్చు, ఎందుకంటే అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ 9తో పోతుంది. పైగా తేడా వందల్లో ఉంది, చివర సున్నా ఉంది, అంటే వందల స్థానం, పదుల స్థానం మారి ఉండాలి, ఆ రెండు అంకెల మధ్య తేడా 4 ఉండాలి. ఇక మొత్తం పుస్తకం చూడక్కర్లేదు, అలాంటి అంకెలున్న ఎంట్రీలు చూస్తే చాలు. వేలు పెట్టుకుంటూ వస్తుంటే ఒకచోట 5,841 ఉంది, ఓచర్ తీసి చూస్తే 5,481. దొరికింది. ఆ క్షణంలో నాకు కలిగే తృప్తి పదేళ్ల పాఠాల్లో ఎన్నడూ కలగలేదు తమ్ముడూ. అదే పని నా పక్క సీట్లో ఉన్నతనికి తలనొప్పి. అతను నాకంటే తెలివైనవాడు, మనుషులతో మాట్లాడి బాకీలు రాబట్టమంటే ఇట్టే రాబడతాడు. నన్ను ఆ పని చేయమంటే రెండు రోజులు వాయిదా వేస్తాను.

నేను మారేముందు చేసింది ఒక్కటే. ఒక నోట్‌బుక్ పెట్టాను, పేజీకి మూడు గళ్లు. టైమ్, ఏం చేశాను, చేశాక ఒంట్లో ఎలా ఉంది. మూడు వారాలు రాశాను. రెండు జాగ్రత్తలు చెబుతాను. రెండో గడిలో "మీటింగ్", "కాల్" అని రాయకు, అవి సంచుల పేర్లు, సంచిలో ఏముందో రాయి. "ఆయన చెప్పింది విని తప్పు ఎక్కడుందో పట్టుకున్నాను", "క్షమాపణ చెప్పాను", "కొత్తగా వచ్చిన అమ్మాయికి స్క్రీన్ మీద చూపించాను" అలా, నీ చేయీ నీ నోరూ ఏం చేశాయో రాయి. రెండోది, ఆ రోజుది ఆ రోజే రాయి. నెల తర్వాత గుర్తుచేసుకుంటే గొడవ జరిగిన రోజులే గుర్తుంటాయి, ప్రశాంతంగా గడిచిన గంట గుర్తుండదు, నీకు కావాల్సింది ఆ గంటే.

మూడు వారాలు అయ్యాక మొదటి గడి మూసేసి మూడో గడిలో బాగున్నవాటిని మాత్రం ఒక కాగితం మీదకు ఎక్కించు. వచ్చిన పనా నచ్చిన పనా అని అడిగావు. ఆ కాగితం మీద ఉన్నవాటిలో నువ్వు ఇప్పటికే ఓ మాదిరిగా చేయగలిగేవి ఏవో చూడు. మాదిరిగా చాలు, మిగతాది నేర్చుకోవచ్చు. నాకు పద్దుల పరీక్షలు రాయడానికి రెండేళ్లు పట్టింది, సాయంత్రాలు చదివాను, ఉద్యోగం వదల్లేదు. బాగా వచ్చి నిన్ను పీల్చేసే పనిని మాత్రం పునాది చేసుకోకు. అందులో ఎంత బాగా చేస్తే అంత ఎక్కువ అదే పని నీ బల్ల మీదకు వస్తుంది, చేయి దాటిన కాల్స్ నీకే వస్తున్నట్టు.

---

ఇంటి_పెద్దకొడుకు

అందరూ బాగా రాశారు, కానీ నేను కొంచెం వేరుగా చెప్పాలి.

ఇష్టమైన పని వెతుక్కోవడానికి నాకు ఎప్పుడూ వీలు పడలేదు. నా జీతం మీద నలుగురు ఆధారపడి ఉన్నారు. నా ఉద్యోగం నాకు ప్రత్యేకంగా ఇష్టం లేదు, ద్వేషం కూడా లేదు, నియమం తప్పకుండా చేస్తాను, ఆరింటికి బయటపడతాను, ఆరు తర్వాత నా జీవితం నాది. ఇందులో తప్పేముంది? 1997లో ఎమీ రెజ్నెస్కీ అనే పరిశోధకురాలు, మరికొందరు చేసిన పరిశోధన ఒకటుంది. మనుషులు తమ పనిని మూడు రకాలుగా చూస్తారన్నారు: బతుకుతెరువుగా, పైకెదిగే మెట్లుగా, ఇందుకే పుట్టానన్నట్టుగా. ఒకే రకం ఉద్యోగంలో ఉన్నవాళ్లలో కూడా ఈ మూడు చూపులూ కనిపించాయి. అంటే ఉద్యోగం మారితేనే చూపు మారుతుందని లేదు. పనిని బతుకుతెరువుగా చూసేవాడు ఓడిపోయినవాడు కాదు, ఈ మాట ఇలాంటి చర్చల్లో ఎవరూ అనరు కాబట్టి అంటున్నాను.

మీ సంగతిలో నన్ను ఇబ్బంది పెట్టింది ఒక్కటే. ఆరు తర్వాత కూడా మీకేమీ మిగలడం లేదన్నారు. అలా అయితే మారాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ చేతిలో కనీసం ఆరు నెలల ఖర్చులు లేకుండా రాజీనామా చేయకండి. ఆకలి మీద ఉన్నప్పుడు ఎంచుకునే ఉద్యోగం మళ్లీ మొదటి ఆఫరే అవుతుంది, మీరు ఇప్పుడున్న చోటికి ఎలా వచ్చారో అలాగే.

---

కొత్తదారి_28

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు. పద్దు అన్నా, మీరు చెప్పినట్టే నోట్‌బుక్ పెట్టాను, 15 పనిదినాలు రాశాను, రెండు రోజులు మాత్రం మర్చిపోయి మర్నాడు పొద్దున రాశాను.

నేను అనుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి. కాల్స్ అన్నీ నన్ను పీల్చేస్తాయి అనుకున్నాను. కాదు. ఒక కాల్‌లో మొదటి సగం, అంటే సమస్య ఏమిటో, ఏ అడుగు దగ్గర తప్పిందో పట్టుకునే సగం, నాకు బాగానే ఉంది, కొన్నిసార్లు చాలా బాగుంది. తప్పు దొరికాక వాళ్లను సముదాయించే రెండో సగం దగ్గర మూడో గడిలో ప్రతిసారీ "అలసట" అని రాసుకున్నాను. ఐదేళ్లుగా రెండింటినీ కలిపి ఒకే పని అనుకుంటున్నాను.

బాగున్నవన్నీ విడిగా ఎక్కిస్తే ఆరుసార్లు ఒకటే వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చే సమస్యలకు కొత్తగా చేరినవాళ్ల కోసం అడుగులు అడుగులుగా రాసిపెట్టడం, స్క్రీన్ బొమ్మ మీద బాణాలు గీసి పక్కన నంబర్లు వేయడం. ఇది ఎవరూ నాకు అప్పగించిన పని కాదు. ఒకరోజు భోజనానికి కూడా లేవకుండా చేశానని నోట్‌బుక్‌లో చూసుకున్నాకే తెలిసింది.

బొమ్మల సంగతి కూడా చూశాను. శనివారం నాకోసం గీసుకున్న రెండు గంటలు హాయిగా ఉన్నాయి. అదే ఒక స్నేహితుడు పోస్టర్ గీయమంటే నాలుగు రోజులు వాయిదా వేశాను. వెలుగు_నీడ గారు చెప్పింది ఇదే అనుకుంటున్నా. ఓ-నెట్ ప్రశ్నావళి కూడా పూర్తి చేశాను. సలహాల్లో టెక్నికల్ రైటర్ (సాఫ్ట్‌వేర్ లాంటివి ఎలా వాడాలో రాసిపెట్టేవాళ్లు) అనే పేరు కనబడింది, అందులో పనుల జాబితా చదివితే నా ఆరు గళ్లకు దగ్గరగా ఉంది. ఆ పని చేసేవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో చెప్పగలరా?

---

నీలిసిరా

ఉన్నాను, తొమ్మిదేళ్లుగా. నిన్న నేను చేసింది అచ్చంగా ఇది.

పొద్దున వచ్చేసరికి ఒక ఫీచర్ పేరు మార్చేశారు, ఎవరూ చెప్పలేదు, దాని ప్రస్తావన ఉన్న పేజీలన్నీ వెతికి మార్చడానికి గంటన్నర. తర్వాత ఒక ఇంజనీరుకు మూడో మెసేజ్ పెట్టాను, ఆయన జవాబిస్తే తప్ప ఒక పేరా ముందుకు కదలదు, సాయంత్రం దాకా ఇవ్వలేదు. మధ్యాహ్నం కొత్త ఫీచర్‌ను నేనే ఇన్‌స్టాల్ చేసుకుని, కావాలని తప్పుగా వాడి చూసి, ఏ తప్పుకు ఏ సందేశం వస్తుందో రాసుకున్నాను, రోజు మొత్తంలో నాకు ఇష్టమైన రెండు గంటలు ఇవే. ఆ తర్వాత రాసింది నలభై నిమిషాలే. ఇందులో అందంగా రాసే అవకాశం ఉండదు, నా వాక్యం ఎవరికీ గుర్తుండకూడదు, పని జరిగిపోవాలి, అంతే. రచన మీద ప్రేమతో వచ్చినవాళ్లు ఆరునెలల్లో వెళ్లిపోవడం చూశాను. విప్పి చూడటం మీద ప్రేమతో వచ్చినవాళ్లు ఉండిపోయారు. మొదటి డ్రాఫ్టు ఇప్పుడు ఏఐ టూల్స్ కూడా రాసేస్తున్నాయి, అది కూడా తెలుసుకుని రండి. ఆ డ్రాఫ్టులో ఉన్న అడుగులు నిజంగా పనిచేస్తాయో లేదో చేసి చూడటం, వాడేవాడు ఎక్కడ తడబడతాడో ముందే పట్టుకోవడం మాత్రం మనమే చేయాలి. ఐదేళ్లు ఫోన్‌లో ఆ తడబాట్లు విన్నారు మీరు. ఈ పనికి వచ్చే చాలామందికి అది ఉండదు. మీ సపోర్ట్ అనుభవాన్ని వృథా అనుకోవద్దు, రెజ్యూమేలో మొదటి వరసలో పెట్టండి.

కోర్సులో చేరేముందు ఒకటి చేయండి. మీ దగ్గరకు ఎక్కువగా వచ్చే సమస్య ఒకటి తీసుకుని, దానికి ఒక పేజీ రాయండి. ఆ సమస్య గురించి తెలియని ఇద్దరిని విడివిడిగా కూర్చోబెట్టి, ఆ పేజీ చూసి చేయమనండి. మీరు పక్కనే కూర్చోండి, నోరు మాత్రం విప్పకండి. ఇది మీకు చాలా కష్టంగా ఉంటుంది, సాయం చేయడం మీకు ఐదేళ్ల అలవాటు. వాళ్ల కళ్లు చూడండి, మౌస్ ఎక్కడ ఆగిందో, ఏ వాక్యం రెండోసారి చదివారో రాసుకోండి. ఆ తర్వాత పేజీ మళ్లీ రాయాలనిపిస్తే, వెంటనే రాయాలనిపిస్తే, మీకు ఈ పని సరిపోతుందనే నా నమ్మకం. "నేను సరిగ్గానే రాశాను, వాళ్లే చదవలేదు" అనిపిస్తే ఇంకొకటి చూసుకోవడం మేలు. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు కూడా డిగ్రీ కంటే ఇలాంటి పేజీ, దాని మొదటి రూపం, మార్చిన రూపం రెండూ పక్కపక్కన చూపించినవాళ్లనే ముందు పిలుస్తాను.

రాజీనామా మాట ఇప్పుడే వద్దు. పెద్దకొడుకు గారు చెప్పింది పూర్తిగా నిజం. రెజ్నెస్కీయే 2001లో జేన్ డటన్‌తో కలిసి రాసిన వ్యాసం ఒకటుంది, ఉన్న ఉద్యోగంలోనే పని హద్దులను మనుషులు తమంతట తాము ఎలా మలుచుకుంటారో అందులో ఉంది. ఆసుపత్రిలో శుభ్రం చేసేవాళ్లలో కొందరు రోగుల బాగోగులు చూడటాన్ని కూడా తమ పనిలో భాగం చేసుకోవడం వాళ్లు గమనించారు. మీరు ఎవరూ చెప్పకుండానే కొత్తవాళ్లకు రాసిపెడుతున్నారు కదా, మీరూ మొదలుపెట్టేశారు. దాన్ని మీ టీమ్ లీడ్‌కు చూపించి వారానికి కొన్ని గంటలు అధికారికంగా అడగండి. "నాకు ఇష్టం" అని అడగొద్దు. మీరు రాసిన పేజీ వల్ల ఏ సమస్య మీద కాల్స్ ఎన్ని తగ్గాయో ముందు లెక్క తీసుకుని వెళ్లండి.

---

కొత్తదారి_28

అక్కా, మీరు చెప్పిన లెక్క తీశాను. పాస్‌వర్డ్ మార్చాక లాగిన్ కాకపోవడం మీద వారానికి సగటున 40 టికెట్లు (అంటే నమోదైన ఫిర్యాదులు) వచ్చేవి, నేను రాసిన పేజీ లింకును కొత్తవాళ్లు పంపడం మొదలుపెట్టాక గత రెండు వారాల్లో 22, 19 వచ్చాయి. రెండు వారాలే కాబట్టి గట్టిగా చెప్పలేనని కూడా లీడ్‌తో అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి వారానికి నాలుగు గంటలు ఇచ్చింది, బుధవారం మధ్యాహ్నాలు, ఆ టైమ్‌లో నాకు కాల్స్ రావు. మూడు నెలల తర్వాత చూద్దాం అంది.

ఈ బుధవారం మొదటిసారి కూర్చున్నాం. వేరే విభాగం నుంచి ఒకతన్ని అడిగి తెచ్చుకున్నాను, నా పేజీ ముందు పెట్టాను, నోరు మూసుకుని కూర్చున్నాను. రెండు అడుగులు చకచకా చేశాడు. మూడో అడుగులో నేను "సెట్టింగ్స్ తెరవండి" అని రాశాను. అక్కడ అతని మౌస్ ఆగిపోయింది. పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ పైకి వెళ్లింది. అప్పుడు చూశాను, ఆ స్క్రీన్ మీద సెట్టింగ్స్ అనేవి రెండు ఉన్నాయి, కుడివైపు పైన పళ్లచక్రం గుర్తు ఒకటి, ఎడమవైపు మెనూలో అదే పేరుతో ఇంకొకటి. ఐదేళ్లుగా రోజూ చూస్తున్న స్క్రీన్ అది. ఫోన్‌లో "సెట్టింగ్స్ తెరిచారా" అని అడిగితే "తెరిచాను, మీరు చెప్పింది కనబడటం లేదు" అని ఎంతమంది కోప్పడ్డారో, వాళ్లందరినీ నేను సముదాయించాను. వాళ్లు తెరిచింది రెండోది.

అతను వెళ్లేదాకా కూడా ఆగలేకపోయాను. మూడో అడుగు పక్కన పళ్లచక్రం బొమ్మ గీసి, బాణం పెట్టి, వాక్యం మార్చాను. వచ్చే బుధవారం రెండో మనిషి వస్తోంది.

పద్దు అన్నా, ఆరోజు మూడో గడిలో ఏం రాశానో మీకు ఫొటో పెడతాను.